కొట్టివేసిన పుస్తకాల బీరువా

మా వీధి మలుపులో ఈమధ్య ఒక బైండింగు దుకాణం పెట్టారు. పొద్దున్నే మైదాపిండిలో మైలుతుత్తం కలిపి జిగురు కాస్తారు వాళ్ళు. ఆ వాసన నేరుగా మా వరండాలోకి వస్తుంది. మా మేనకోడలికి పడదు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ మూసేస్తుంది. నేను లేచి వెళ్ళి తెరుస్తాను. ఆ కంపు నీకెలా బాగుంటుంది అత్తా అని రోజూ విసుక్కుంటుంది. బాగుంటుందని ఎవరన్నారు? ఆ వాసన తగిలితే నాకు ఖాదర్ గారు గుర్తొస్తారు. ఆయన గుర్తొచ్చిన రోజు నాకు అన్నం సయించదు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు బెజవాడలో నేను తప్ప ఎవరూ మిగిలినట్టు లేరు. నేనూ పోతే ఆయన గురించి చెప్పేవాళ్ళుండరు, నేను చేసిన పని గురించి అసలే ఉండరు. అందుకే రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులవి. మాది నేతపని ఇల్లు. కంకిపాడులో మా ఆయన క్షయతో మూడేళ్ళు మంచాన పడి పోయాడు. పోయిన పదిహేనో రోజున అత్తవారు నన్ను బెజవాడలో పుట్టింటికి పంపేశారు. మా ఇంట్లో మగ్గం ఒకటి, తినే నోళ్ళు ఏడు. నేను స్కూలు ఫైనలు పాసయ్యానన్న సంగతి అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. కాలువ గట్టున ఉన్న చిన్న గ్రంథాలయంలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి పుస్తకాలివ్వడానికి ఒక ఆడమనిషి కావాలన్నారు. అక్కడ గ్రంథపాలకుడు ఖాదర్ గారు. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ లేని తెల్ల షేర్వానీ. నన్ను కూర్చోమని, నిబంధనల పుస్తకం చేతికిచ్చి, "నాంచారమ్మ గారూ, ఇందులో ఇరవై రెండు ఉన్నాయండి. తప్పు లేకుండా అప్పజెప్పిన రోజునుంచి మీకు ఉద్యోగం" అన్నారు. అప్పటిదాకా నన్ను గారు అన్నవాళ్ళు లేరు. రెండు రోజుల్లో మొత్తం బట్టీ పట్టేశాను.

కార్డుకి ఒక పుస్తకం, పద్నాలుగు రోజులు. ఎవరైనా సరే. గ్రంథాలయం నడిపే సంఘం అధ్యక్షుడి బావమరిది ఒకసారి వచ్చి రెండు పుస్తకాలు చంకలో పెట్టుకుంటే, ఖాదర్ గారు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కార్డుకి ఒకటేనండీ అన్నారు. ఆయన చిందులు తొక్కాడు. ఈయన అదే మాట అదే గొంతుతో మూడుసార్లు అన్నారు. చివరికి ఒక పుస్తకం బల్ల మీద పడింది. ఖాదర్ గారు తనకీ ఒక కార్డు రాసుకుని, పద్నాలుగో రోజున తన పుస్తకం తానే తెచ్చి, తన పేరు తానే కొట్టుకునేవారు. నాకు నవ్వొచ్చేది. ఆ నిబంధనల్లో పదకొండోది మాత్రం నేను అందరికంటే గట్టిగా చదివేదాన్ని. అంటురోగమున్న ఇంటికి పుస్తకం ఇవ్వరాదు, వెళ్ళినది తిరిగివస్తే తగలబెట్టవలెను. మా ఆయన చాప, దుప్పటి, ఆయన చదివిన రెండు పుస్తకాలు, చివరికి చదరంగం పలకతో సహా తగలబెట్టినదాన్ని నేను. ఆ నిబంధన రాసినవాడెవడో బుద్ధిమంతుడు అనుకునేదాన్ని.

చిరిగిన పుస్తకాలకి ఆ జిగురుతో ఆయనే అతుకులు వేసేవారు. ఇక అతుక్కోదనుకుంటే రిజిస్టరులో ఎర్రసిరాతో గీత కొట్టేసేవారు. గీత పడితే ఆ పుస్తకానికీ గ్రంథాలయానికీ సంబంధం తీరిపోయినట్టే. ఒక పుస్తకం కొట్టివేయడానికి ఆయనకి ప్రాణం పోయినంత పనయ్యేది. అలాంటి మనిషి అప్పుడప్పుడు పేజీలన్నీ నిక్షేపంగా ఉన్న నవలకి, అట్ట ఊడిందన్న సాకుతో, చటుక్కున గీత కొట్టేవారు. కళ్ళు మందగించాయి కాబోలు అనుకున్నాను. ఆయన్ని అడగలేదు. అడిగి ఉంటే ఇప్పుడు ఇదంతా రాసే అవసరం ఉండేది కాదు.

ఏటేటా చేసే పుస్తకాల తనిఖీ మొదలయ్యే సమయానికి ఆయన మేనకోడలి నిఖా వచ్చింది. నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళారు. నేనొక్కదాన్నే చేసి చూపిస్తానని పట్టుదలగా మొదలుపెట్టాను. వెనక వరండాలో ఒక పాత బీరువా ఉంది, ఎప్పుడూ తెరిచి చూడలేదు. అందులో ముప్పైకి పైగా పుస్తకాలు. అన్నీ ఎర్రగీత పడ్డవే. పేజీల మధ్య వేపాకు, పైన కర్పూరం బిళ్ళలు. ఒక కాగితం మీద ఖాదర్ గారి చేతిరాతతో "కోటయ్య, గుణదల" అని, ఏ పుస్తకం ఎప్పుడు వెళ్ళిందీ, ఎప్పుడు వచ్చిందీ రాసి ఉంది. కోటయ్య ఎవరో నాకు తెలుసు. మధ్యాహ్నం వచ్చే ఆడవాళ్ళు చెప్పుకోగా విన్నాను. అచ్చాఫీసులో కంపోజిటరు, క్షయ వచ్చి గుణదల కొండపక్క పాకలో వేరుగా పడుకున్నాడట. ఆ పుస్తకాలన్నీ చేత్తో ముట్టకుండా కర్రతో పెరట్లోకి తోసి, కిరసనాయిలు పోసి అంటించాను. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరకడమే గగనం, అయినా మా ఇంటినుంచి తెచ్చి పోశాను. ఆయన వచ్చి మెచ్చుకుంటారనే అనుకున్నాను. నా తెలివి అలా ఏడిచింది.

ఆయన వచ్చి బీరువా చూశారు, పెరట్లోకి వెళ్ళి బూడిద చూశారు. "అన్నీనా అమ్మా?" అన్నారు. నేను పదకొండో నిబంధన అప్పజెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుండిపోయారు. "నిజమేనండి. కానీ అది గ్రంథాలయం పుస్తకాలకి. గీత పడ్డాక ఇవి మనవి కావు, వీటికి నిబంధన లేదు. అందుకే కొట్టేసి మరీ ఇస్తున్నాను. మీకు ముందే చెప్పాల్సింది. తప్పు నాది." తిట్టి ఉంటే బాగుండేది. నేను కూడా నాలుగు మాటలని ఏడ్చి తేలికపడేదాన్ని.

అప్పుడు చెప్పారు కోటయ్య సంగతి. ఒక పుస్తకాన్ని నలుగురైదుగురు కంపోజిటర్లు పదహారేసి పేజీల ఫారాలుగా పంచుకుని అక్షరాలు కూరుస్తారట. ఎవరి ముక్క వాళ్ళది. ఇరవై ఏళ్ళు పుస్తకాలు కూర్చిన కోటయ్య ఏ కథా మొదటినుంచి చివరిదాకా చదవలేదు. మంచాన పడ్డాక, తాను కూర్చిన పుస్తకాలు పూర్తిగా చదివి పోవాలన్నది అతని కోరిక. అన్నిటికంటే రెండు భాగాల పెద్ద నవల ఒకటి, అన్నదమ్ముల కథ. మొదటి భాగం అతని దగ్గర ఉంది. రెండోది నేను కాల్చిన వాటిలో ఉంది. "రెండూ ఒకేసారి ఇచ్చి ఉంటే పోయేది. కార్డుకి ఒకటే అని నేనే ఆపాను, గీత పడ్డవాటికి కూడా" అన్నారు ఆయన. రెండో భాగానికి గ్రంథాలయంలో గీత పడని ప్రతి ఇంకొక్కటి ఉంది, కొత్తది. దాన్ని కొట్టివేయడానికి అనుమతి ఇమ్మని సంఘం కార్యదర్శిని అడిగారు. కాగితం కరువులో మళ్ళీ అచ్చవుతుందా, చచ్చేవాడికి నవలెందుకు అన్నాడాయన. ఖాదర్ గారు మర్నాడు ఆ పుస్తకం తన కార్డు మీద రాసుకున్నారు, గడువు తీరిన ప్రతిసారీ వాపసు రాసి మళ్ళీ తీసుకునేవారు. కోటయ్య చేతికి వెళ్ళకూడదు కానీ, చెవిన పడకూడదని నిబంధనలో లేదు.

సోమవారం మాకు సెలవు. ప్రతి సోమవారం గుణదల నడిచి వెళ్ళి, పాక బయట ముక్కాలిపీట వేసుకుని, లోపలికి వినపడేలా చదివేవారు. రెండో సోమవారం నేనూ వెంట వెళ్ళాను, క్షమించమని అడుగుదామని. పాకకి ఇరవై బారల దూరంలో నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ దగ్గు నాకు బాగా తెలిసిన దగ్గు. ఖాదర్ గారు చదువు మధ్యలో ఆపి నన్ను చూపిస్తే, కోటయ్య కిటికీలోంచి పలకరించాడు. "తమ్ముడు రంగూన్లో ఓడెక్కేదాకా నేను కూర్చిన ఫారమేనమ్మా. తర్వాతది పక్కనున్నాయన కూర్చాడు. నాలుగేళ్ళబట్టీ వాడు ఓడ మీదే ఉన్నాడు, ఇల్లు చేరాడో లేదో." నవ్వబోయి దగ్గాడు. పుస్తకాలు కాల్చింది నేనని అతనికి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పడానికి వెళ్ళినదాన్ని చెప్పకుండానే వచ్చేశాను.

ఆరో సోమవారానికి పన్నెండు పేజీలు మిగిలాయి. ముందురోజు ఆదివారం ఖాదర్ గారికి చలిజ్వరం. రగ్గు కింద వణుకుతూ పుస్తకం నా చేతిలో పెట్టి, "గుర్తు పెట్టిన చోటునుంచి చదవండి. బయటే కూర్చోండి, ఏం కాదు. అతనికి ఇక వారం లేదు" అన్నారు. సరేనన్నాను. మర్నాడు వెళ్ళాను కూడా. పాకకి వెళ్ళే వీధి మొదట్లో నిలబడ్డాను. దగ్గు వినపడుతూనే ఉంది. మూడేళ్ళు ఆ దగ్గు పక్కన పడుకున్నాను, ఆ తడిగుడ్డలు ఉతికాను, ఇంక నావల్ల కాదని నాకు తెలిసిపోయింది. కోటయ్య భార్య బిందెతో బయటికొచ్చి నన్ను చూసింది. నేను వెనక్కి తిరిగాను. కాలువ గట్టున కూర్చుని ఆ పన్నెండు పేజీలూ నేనే చదువుకున్నాను. ఎంత సిగ్గుమాలిన పని అది.

గురువారం కోటయ్య పోయాడు. ఖాదర్ గారు లేచి తిరిగేసరికి పదిరోజులు పట్టింది. వచ్చీరాగానే చివరిదాకా చదివారా అని అడిగారు. ఆ ముఖం చూసి, చదివానండి అన్నాను. ఏమన్నాడని అడిగితే, కళ్ళు తుడుచుకున్నాడని కూడా కలిపాను. అప్పుడే కోటయ్య భార్య, భర్త కార్డూ మొదటి భాగమూ తిరిగి ఇవ్వడానికొచ్చి గుమ్మం బయట నిలబడింది. "కథ మొత్తం విన్నాడటగా అమ్మా, అదొక్కటే తృప్తి" అన్నారు ఖాదర్ గారు ఆవిడతో. ఆవిడ నావైపు చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ తల దించుకుని, "విన్నాడండీ" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆవిడ నాకు కనపడలేదు, నేనూ వెతకలేదు.

ఖాదర్ గారు ఉద్యోగం విరమించిన రోజున చిన్న సభ పెట్టారు. అన్నేళ్ళ తన కొలువులో నిబంధన తప్పకుండా ఒక మనిషికి ఉపకారం చేయగలిగింది ఒక్కసారేనని, అదీ నాంచారమ్మ గారి వల్ల పూర్తయిందని, ఆవిడ తన భయాన్ని జయించి వెళ్ళి చదివిందని చెప్పి, నాకు నమస్కారం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తిరిగి నమస్కారం పెట్టాను. ఆ తర్వాత ఆయన ఏడాది బతికారు. ప్రతి పండగకీ ఆయనింటికి వెళ్ళి సేమ్యా తిని వచ్చేదాన్ని. చెప్పడానికి ఏడాది టైముంది నాకు. ఆయన స్థానంలో నన్నే వేశారు. పాతికేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని, ఒక్క నిబంధన తప్పకుండా, ఆయన పేరు నిలబెట్టిందనిపించుకున్నాను. లోకం దృష్టిలో నేను ఆయన శిష్యురాలిని.

ఆ నవలలో తమ్ముడు ఇల్లు చేరాడు. చివరి పేజీలో అన్న తలుపు తీస్తాడు. పాక దాకా వెళ్ళక్కర్లేదు, ముక్కాలిపీట మీద కూర్చోనక్కర్లేదు, పన్నెండు పేజీలూ చదవక్కర్లేదు. ఆ వీధి మొదట్లో నిలబడి, వాడు ఇల్లు చేరాడయ్యా అని ఒక్క కేక వేసినా కోటయ్యకి వినపడేది.