ధనిష్ఠలో మూసిన ఇల్లు

మా ఆవిడ పెద్దకర్మ అయిన మర్నాడు నేను నా సొంత ఫ్లాట్‌కి తాళం వేసి అద్దె ఇంటికి మారాను.

బెంగాలీల మధ్య, ఖిదిర్‌పూర్‌లో మూడో అంతస్తు మాది. ఓడరేవు ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ కూడబెట్టి, రిటైరయ్యే ముందు కొన్నాం. బాల్కనీలోంచి చూస్తే డాకుల్లో క్రేన్ల తలలు కనిపించేవి. తలుపు గడియ తనకి అందడం లేదని వడ్రంగిని పిలిపించి కిందికి దింపించుకుంది ఆవిడ. వచ్చినవాళ్లంతా ఆ గడియ కోసం పైన తడుముకునేవాళ్లు.

మా పడకగదిలో ఆవిడ ఊపిరి ఆగినప్పుడు నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. నేను గోడ గడియారం వైపు చూశాను. వయసొచ్చినప్పటి నుంచీ ఏది జరిగినా వేళతో సహా డైరీలో రాసుకునే మనిషిని. నా ప్రమేయం లేకుండానే చూపు అటు పోయింది.

తెలుగువాళ్ల ఇళ్లకి వచ్చే పురోహితుడు ఆ వేళ అడిగి తెలుసుకుని పంచాంగం తిప్పాడు. "ధనిష్ఠ వచ్చేసిందండీ. గంట ముందయితే శ్రవణం, ఏ గొడవా లేకపోను," అన్నాడు. ఆగి, నా మొహంలోకి చూసి, "వేళ సరిగ్గా చూశారా? కాస్త అటూ ఇటూ అయ్యుండొచ్చేమో," అన్నాడు.

మంచి మనిషి. ఆయన నాకు దారి చూపిస్తున్నాడని తెలుస్తూనే ఉంది. కానీ ఆవిడ ఆఖరి ఊపిరి వేళను మార్చి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"సరిగ్గానే చూశానండీ."

ధనిష్ఠ మొదలు అయిదు నక్షత్రాల్లో ఎవరు పోయినా ఆ ఇల్లు కొన్ని నెలలు మూసెయ్యాలని మావాళ్ల ఆచారం. ధనిష్ఠకి ఆరు నెలలు. లేకపోతే ఇంట్లో ఇంకొకరికి కీడు అంటారు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అప్పతో, "నన్ను ఇక్కడే ఏడవనియ్యి అప్పా, నాకింకేమీ అక్కర్లేదు," అన్నాను.

"ఏటిరా తమ్ముడూ, ఏడవడానికి ఈ ఇల్లే కావాలేటి? ఏడుపు ఎక్కడైనా వస్తాది. నీ కూతురికి నెలలు నిండుతున్నాయి. దానికేటైనా అయితే అప్పుడేటి చేస్తావు?"

"మన నెత్తి మీద కాపరం ఉన్నవాళ్లకి లేదా ఈ కీడు? కిందవాళ్లకి?"

"ఆళ్లు బెంగాలీలు. ఆళ్లకి ఆళ్ల పంచాంగం ఉంది."

ఆ ఏడుపులోనూ మా అమ్మాయి ఫక్కున నవ్వింది. అది మాకు ఒక్కతే. మొదటి పురుడు పుట్టింట్లోనే పోసుకోవాలి. బడ్జ్ బడ్జ్‌లో ఉన్న దాని అత్తవారు ఆ ఫ్లాట్‌కయితే పంపేది లేదని కబురు చేశారు. నవ్వు ఆగాక అది నా పక్కన కూర్చుంది.

"నాకు నమ్మకం ఉందని కాదు నాన్నా. ఈ గదిలో పడుకుంటే మాత్రం రాత్రంతా పొట్ట మీద చెయ్యేసుకుని మేలుకునే ఉంటాను."

అద్దె ఇల్లు వెతకడం మొదలుపెట్టాను.

మెటియాబ్రుజ్ వైపు ఒక సందులో రెండు గదుల ఇల్లు దొరికింది. యజమాని ముస్లిం, దర్జీ మేస్త్రి. ముందు గదుల్లో పొద్దస్తమానం కుట్టు మిషన్లు నడుస్తుంటాయి. "సొంత ఇల్లుండగా అద్దెకెందుకు దాదా?" అని అడిగాడు. వచ్చిన బెంగాలీలో చెప్పాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"మాలో మొగుడు పోయినావిడ నాలుగు నెలల పైన ఆ ఇంటి గడప దాటకూడదు. మీలో దాటి తీరాలా?"

ఇంకొకరి ఆచారం మీద నాకు ఆశ పుట్టడం అదొక్కసారే.

ఆ ఇంట్లో నాకు ఏడుపు రాలేదు. అప్ప చెప్పినట్టు రావడానికి అక్కడ ఆవిడ ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆవిడ కూర్చునే చోటు లేదు, చెయ్యి ఆనించే గోడ లేదు. ఏ మూల చూసినా అది మొదటినుంచీ ఆవిడ లేని మూలే. ఆవిడ ఖిదిర్‌పూర్‌లో ఉన్నట్టూ, నేనే ఏదో పని మీద ఇటు వచ్చినట్టూ ఉండేది. బజారులో మంచి వంకాయలు కనిపిస్తే, తీసుకెళ్లి చూపించాలనిపించేది.

అప్పా, అమ్మాయీ మాత్రం మధ్యాహ్నాలు వంటింట్లో కూర్చుని ఆవిడ మాటలు చెప్పుకుని ఏడ్చేవాళ్లు. మనవరాలు పుట్టాక ఆ మాటలే చెప్పుకుని నవ్వడం మొదలుపెట్టారు. నేను ఇవతల గదిలో వింటూ, నా వంతు ఇంటికి వెళ్లాక అనుకునేవాణ్ణి. నిజంగా అలాగే అనుకునేవాణ్ణి, సెలవు కోసం చూసే ఉద్యోగిలాగా.

గడువు తీరింది. అప్ప ముందే మనుషుల్ని పెట్టి ఫ్లాట్ అంతా కడిగించి సున్నం వేయించింది. ఆవిడ బట్టలు అంతకుముందే ఎవరికివ్వాలో వాళ్లకి వెళ్లిపోయాయి. శాంతి చేయించి, పాలు పొంగించి, అందరం లోపలికి వెళ్లాం. ఎక్కడా ఆవిడ వాసన లేదు. తడి సున్నం వాసన.

"చూసినావా తమ్ముడూ, ఏటీ కాలేదు," అంది అప్ప సంతోషంగా.

నేను పడకగదిలోకి వెళ్లి మంచం మీద నా వైపు కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ల పైగా అలవాటయిన వైపు. రెండో వైపు దుప్పటి ఏ ముడతా లేకుండా ఉంది. అప్పుడు తెలిసింది, ఆవిడ లేదని. వాళ్లందరికీ ఆవిడ పోయి ఆరు నెలలు. హాల్లో పిల్లని ఎత్తుకుని నవ్వుకుంటున్నారు. ఇప్పుడు నేను ఏడిస్తే నాతో కలిసి ఏడవడానికి ఎవరూ మిగల్లేదు. అయినా ఫరవాలేదు, కాసేపట్లో ఎవరి దారిన వాళ్లు పడుకుంటారు, అప్పుడు ఇక్కడ ఒక్కణ్ణే ఏడవచ్చు కదా అనుకున్నాను.

అమ్మాయి పిల్లతో వచ్చింది. పిల్లని ఆ దుప్పటి మీద పడుకోబెట్టి చుట్టూ దిండ్లు పేర్చింది.

"నాన్నా, ఉన్న నాలుగు రోజులూ మేం ఈ మంచం మీద పడుకుంటాం. ఇదయితే దీనికి దొర్లడానికి చోటుంటుంది. నీకు హాల్లో దివాన్ మీద పక్క వెయ్యనా? అమ్మ కూడా అలాగే అనేది కదా, హాల్లో గాలి బాగుంటుందని."

"వెయ్యమ్మా," అన్నాను.

నా దిండు తీసుకుని లేచాను.