ఒక్క టిక్కు బాకీ

ముందు పోయినవి చెబుతాను. మైకు పోయింది. రాయపూర్‌లో మా తెలుగువాళ్ళ సంఘం ఉగాదికి పదకొండేళ్ళుగా నేను చదువుతున్న పంచాంగం పోయింది. వేదిక మీద కుర్చీ పోయింది. చదవడం అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ చేరి, "మా రాశి ఇంకోసారి చెప్పండి" అని అడిగే అరగంట పోయింది. ఇన్ని పోవడానికి పట్టింది రెండు గంటల అయిదు నిమిషాలు. అంతసేపూ నేను హైదరాబాద్ నుంచి వస్తున్న విమానంలో ఉన్నాను. ఫోన్‌కి ఇంటర్నెట్ లేదు.

పంచాంగం చూడటం నాకెవరూ నేర్పలేదు. తిథులు, నక్షత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ సొంతంగా నేర్చుకున్నాను. ఆ రోజు కూడా కొత్త పంచాంగం కొనుక్కుని, విమానంలో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాను. మామూలుగా గంటా ఇరవై నిమిషాల ప్రయాణం. దిగడానికి వీలు లేదని ముప్పావుగంట గాల్లోనే తిప్పారు. నాకేం తొందర లేదు, ఇంకో రెండు రాశులు చూసుకున్నాను.

విమానాశ్రయానికి మా తోడల్లుడు కారు తెచ్చాడు. నా భార్య చెల్లెలి భర్త. పుట్టిందీ పెరిగిందీ రాయపూర్‌లోనే. తెలుగు మాట్లాడతాడు, అక్షరం రాదు. అభన్‌పూర్ వైపు బోర్డు దాటాక మెల్లగా అన్నాడు:

"అన్నయ్యా, ఈసారి పంచాంగం నేను చదువుతున్నాను. హిందీలో. సంఘం గ్రూపులో పెట్టాను, పాస్ అయిపోయింది."

"నన్ను అడక్కుండానా?"

"పూరా గంట ఇంతజార్ చేశాం. మీరే ఏటీ అనలేదు. మీ ఫోన్ బంద్ ఉంటే నేనేటి చేస్తాను?"

గంటలో ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టే అన్నది మా గ్రూపు పద్ధతి. నా టికెట్ తీసింది అతనే. నేను ఎప్పుడు ఎక్కుతానో, ఎప్పుడు దిగుతానో అతనికంటే ఎవరికీ బాగా తెలియదు.

ఆ ఉగాదికి మూడో వరసలో కూర్చున్నాను. తోడల్లుడు ఫోన్ చూసి నాలుగు నిమిషాల్లో పన్నెండు రాశులూ ముగించాడు. నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు.

మరుసటి ఏడు ఉగాదికి వారం ముందు అతను ఆఫీసు పని మీద విమానంలో హైదరాబాద్ వెళ్ళాడు. "శుభ ప్రయాణం తమ్ముడూ" అని మెసేజ్ పంపి, కళ్ళార్పకుండా చూశాను. ఒకటే టిక్కు. పది నిమిషాలైనా రెండోది పడలేదు, అంటే గాల్లో ఉన్నాడు. అప్పుడు గ్రూపులో పెట్టాను: "పంచాంగం ఇకపై తెలుగు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదవాలి. కాదనేవాళ్ళు గంటలోగా చెప్పండి." ఎవరూ చెప్పలేదు. ఆ గంట గడిచాక తాగినంత తియ్యటి టీ నేను మళ్ళీ తాగలేదు.

మైకు వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. తెలుగు పుస్తకం ఎవరిచేతో చదివించుకుని మొత్తం హిందీ లిపిలో రాసుకొచ్చాడు. ఆ లిపిలో మన 'మె'కీ 'మే'కీ, 'కొ'కీ 'కో'కీ తేడా లేదు. వృషభ రాశివాళ్ళకి మెడ నొప్పులని ఉంటే "మేడ నొప్పులు" అని చదివాడు. జనం నవ్వారు. నేను వెనక్కి వాలి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

తర్వాత వ్యాపారుల ఫలం వచ్చింది. పుస్తకంలో ఉన్నది కొత్త కొట్లు కలిసివస్తాయని.

"వ్యాపారులకి కోత్త కోట్లు కలిసివస్తాయి!" అన్నాడు గట్టిగా.

హాలు హాలంతా లేచింది. చప్పట్లు, ఈలలు. దేవేంద్ర నగర్‌లో బట్టల దుకాణం ఉన్నాయన వేదిక ఎక్కి అతని మెడలో దండ వేశాడు.

"పదకొండేళ్ళు విన్నాం భయ్యా, ఆయన మాకు ఒక్క కోటి కూడా ఇవ్వలేదు. ఇంక ప్రతి ఏడూ నువ్వే!"

ఆ నవ్వుల్లో నా భార్య నవ్వు కూడా వినిపించింది.

"ఇంక వదిలెయ్యండి, సరికి సరి అయిపోయింది కదా," అంది దారిలో.

అవలేదు. నేను గాల్లో ఉన్నది రెండు గంటల అయిదు నిమిషాలు, అతను ఉన్నది గంటా ఇరవై నిమిషాలే. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే ఆనాటి నుంచి ఎక్కడికెళ్ళినా రైల్లోనే వెళుతున్నాడు, ప్రతి స్టేషన్‌లోనూ నాకు ఫోటో తీసి పంపుతున్నాడు. రెండు టిక్కులు పడతాయో లేదో చూడటానికి నేనూ వెంటనే జవాబిస్తున్నాను. ఎప్పుడో ఒకప్పుడు విమానం ఎక్కక తప్పదు. నాకు ఇంకా నలభై అయిదు నిమిషాలు రావాలి.