ఆగిపోయే గుర్రానికి దూకడం నేర్పిన బాబాయి

మొన్న పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి ఇంక లేడే" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మా గురజాల చేరేసరికి వాళ్ళ వాకిలి నిండా జనం. నాకు ఏడుపుతోపాటు గర్వం కూడా కలిగింది. ఈ మనిషి దగ్గర నేను గుర్రమెక్కి కర్రల మీంచి దూకించడం నేర్చుకున్నాను. ఆ మాట అనగలిగే ఆడపిల్ల మా పల్నాడులో ఇంకొకతె ఉంటే చూపించండి.

బాబాయి మాకు చుట్టం కాదు, ఎదురింటాయన. మిలటరీలో గుర్రాల దగ్గర పనిచేసి రిటైరై వచ్చాడు. ఇస్త్రీ చొక్కా లేకుండా పాలకు కూడా వెళ్ళేవాడు కాదు. టీ కొట్టు దగ్గర నలుగురూ రాజకీయాలు మొదలుపెడితే గ్లాసు తీసుకుని దూరంగా పోయి నిలబడేవాడు. "ఓట్ల కబుర్లు వింటా ఉంటే టీ చల్లారిపోద్ది" అనేవాడు.

మా ఇంటికి గుర్రాన్ని తెచ్చింది మాత్రం ఆ ఓట్లే. నేను డిగ్రీ చదువుతుండగా నాన్న సర్పంచ్‌గా గెలిచి, ఊరేగడానికి ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. అది ఊరేగింపు మధ్యలో నేల మీద పడివున్న పూలదండను చూసి టక్కున ఆగింది. నాన్న ఆగలేదు. దాని మెడ మీదుగా వెళ్ళి డప్పులవాళ్ళ ముందు పడ్డాడు. ఎన్నికల్లో ఓడినవాళ్ళకి ఆ ఓటమి బాధ ఆ పూటతో తీరిపోయింది.

"దీన్ని పెళ్ళి ఊరేగింపులోళ్ళకి ఇచ్చేస్తా" అన్నాడు నాన్న. నా ప్రాణం ఉసూరుమంది. రోజూ దానికి గడ్డి వేసేది నేనే మరి. ఏడ్చి, అన్నం మానేసి, ఉగాది దాకా గడువు సంపాదించాను. ఆలోపు అది దేన్ని చూసీ ఆగకుండా మారాలి, మారకపోతే వెళ్ళిపోవడమే.

బాబాయి దగ్గరికి పరుగెత్తాను. ఆయన వచ్చి దాని చుట్టూ తిరిగి చూశాడు.

"పొగరు కాదే, భయం. దూకడం నేర్పితే ఆగడం మర్చిపోద్ది. ముందు నువ్వు దూకు" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. తన ఖాళీ చేలో సరుగుడు కర్ర అడ్డంగా పెట్టాడు. పగ్గం పట్టుకుని ముందు నేను దూకాలి, వెనక గుర్రం రావాలి. మిరపకోతలకి పోయే ఆడవాళ్ళు ఆటో ఆపించి మరీ చూశారు. "ఏమే, రేపట్నుంచి గుర్రం నీ మీద ఎక్కుద్దా ఏంది?" అని ఒకావిడ అరిచింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బాబాయి అటు చూడను కూడా లేదు. "నీ మీద నమ్మకం కుదరాల్సింది దానికి, వాళ్ళకి కాదు" అన్నాడు.

జీను ఎక్కాక అసలు కష్టాలు మొదలయ్యాయి. అది కర్ర దాకా వచ్చి ఆగేది, నేను అవతల పడేదాన్ని. ఒకరోజు మోచెయ్యి చీరుకుపోయింది. కోపంతో బెత్తం అడిగితే ఇవ్వలేదు. నా చెయ్యి కడిగి, గుర్రానికి బెల్లం ముక్క పెట్టాడు.

"పడింది నేనైతే బెల్లం దానికా బాబాయ్?"

"నువ్వు చానా కిందకి చూస్తన్నావు. కర్ర వంక చూడమాక. దాని చెవుల మధ్యలోంచి అవతలి గట్టు చూడు. నువ్వు యాడ చూస్తే అది ఆడికి పోద్ది."

ఇప్పటికీ ఏ పనికైనా భయమేస్తే ఆ మాటే నాలో నేను అనుకుంటాను.

ఉగాది ముందురోజు నాన్న చేలోకి వచ్చాడు. వెంట గుర్రాన్ని తీసుకుపోవడానికి నరసరావుపేట నుంచి వచ్చిన పెళ్ళి ఊరేగింపుల మనిషి ఉన్నాడు. వాళ్ళ వ్యాను రోడ్డు మీద ఆగింది. అప్పటిదాకా మేము మోకాలెత్తు దాటింది లేదు. బాబాయి కర్రను నా నడుమెత్తుకు లేపాడు. గుర్రాన్ని తిప్పుకుని, గట్టు వైపు చూస్తూ వదిలాను. కర్ర దగ్గరికొచ్చేసరికి దాని ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది. అయిపోయింది, ఆగుతుందనుకున్నాను. కానీ అది లేచింది. కర్ర తగలకుండా దాటి అవతల దిగింది.

నాన్న ఆ వచ్చిన మనిషితో, "బండి తిప్పుకో అబ్బాయ్" అన్నాడు.

బాబాయి శభాష్ అనలేదు. వచ్చి కళ్ళెం పట్టుకున్నాడు, నన్ను దిగనివ్వలేదు. ఇంటికి డొంకదారిన పోతే దగ్గర. ఆయన మాత్రం మమ్మల్ని బజారులోకి తిప్పాడు. బస్టాండ్ ఎదురుగా ఎవరో, "ఏంది, గుర్రాన్ని ఇచ్చేశారంటగా?" అని అడిగారు.

"ఎవడన్నాడు? ఇది మా అమ్మాయిది" అన్నాడు బాబాయి.

ఆ తర్వాత ఇంకెవరూ అడగలేదు. అయినా ఆయన ప్రతి వీధి మలుపులోనూ గుర్రాన్ని ఆపి, అరుగుల మీద కూర్చున్న వాళ్ళకి ఆ మాటే చెప్పుకుంటూ మా ముందు నడిచాడు.