ఎంగిలి గిలాస

మా అమ్మకు మెడ లేవదు. వెనకనుంచి పిలిస్తే మనిషంతా తిరగాల్సిందే. నడుము వంగిపోయింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి. చిట్యాల దాటి లోపలికి వెళ్తే వచ్చే మా ఊళ్లో, ఫ్లోరైడున్న బోరు నీళ్లు తాగి ముసలైనవాళ్లు చాలామంది ఇట్లాగే ఉంటారు. నా వంతుకు పళ్లు దక్కాయి. బెల్లం పాకం అంటినట్టు గోధుమరంగు గీతలు. నవ్వొస్తే చేయి నోటికి అడ్డం పెట్టుకోవడం నాకు చిన్నప్పుడే అలవాటైంది.

మా ఇళ్లల్లో గ్లాసుకు పెదవి ఆనించరు. ఎత్తి పోసుకుంటారు. పెదవి తాకిందా, ఇక అది ఎంగిలే. మెడ లేవని మా అమ్మ ఎత్తి పోసుకోలేదు కదా, పెదవికి ఆనించుకుని గుటక గుటకగా తాగుతుంది. అందుకని ఆమెకు ఒక స్టీలు గిలాస విడిగా ఉండేది. అందులో వింతేముందని ఎవరం పట్టించుకోలేదు.

పెళ్లయి పాలమూరు వచ్చాను. బిడ్డ పుట్టింది. దవాఖానలో డాక్టరమ్మ నా పళ్లు చూసి, "పాపకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా తాగే నీళ్లు జాగ్రత్త. చిగుళ్ల లోపల కొత్త పళ్లు తయారయ్యేది అప్పుడే" అంది. ఇక చూడండి నా పిచ్చి! పుట్టింటికి వెళ్లినప్పుడల్లా బస్సులో నాతోపాటు నీళ్ల క్యాను కూడా ప్రయాణం చేసేది. దారికి అడ్డంగా ఉందని కండక్టర్ గొణిగితే ఊరుకునేదాన్నా? "నీ నెత్తిమీద పెట్టిన్నా?" అనేదాన్ని. అమ్మ మాత్రం ఆ క్యాను వంక చూసి ఏమీ అనేది కాదు. సొంత మనవరాలికి చెంబెడు నీళ్లివ్వలేని మనిషి ఏమంటుంది?

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా ఊరికి కృష్ణ నీళ్లొచ్చాయి. ఇంటింటికీ నల్లా బిగించారు. ఆ సంగతి చెప్పడానికి అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది.

"బిడ్డా, ఈసారి క్యాను మోయకు. మన నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయి. కందిపప్పు రెండు పొంగులకే ఉడికిపోయింది, నమ్ము!"

బోరు నీళ్లలో మా పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉండేది. అమ్మ దృష్టిలో అంతకన్నా పెద్ద పరీక్ష ఏ దవాఖానలోనూ లేదు. నేను "సరేలే" అన్నాను. అని, క్యానుతోనే వెళ్లాను.

ఆ రోజు అన్నంలోకి మెత్తటి పప్పు పెట్టింది. రెండుసార్లు అడిగి మరీ వేయించుకున్నాను. అయినా నా బుర్రకెక్కలేదు. చేయి కడుక్కుని వచ్చేసరికి నా ఆరేళ్ల బిడ్డ అమ్మ ఒళ్లో కూర్చుని, అమ్మ గిలాసతో నీళ్లు తాగుతోంది. అమ్మ మొహంలో అంత సంతోషం నేను ఎన్నో ఏళ్లుగా చూడలేదు.

గిలాస లాక్కున్నాను. మిగిలిన నీళ్లు వాకిట్లో పారబోశాను.

"నల్లా నీళ్లే బిడ్డా. పిల్ల కోసమని పొద్దుగాల్నే పట్టి మూతబెట్టిన" అంది అమ్మ.

అప్పుడైనా ఆగొచ్చు. తొందరపడ్డానని తెలిసిపోయింది. తెలిసేసరికి కోపం ఇంకా పెరిగింది. నీళ్లను తిట్టే దారి లేక, చేతిలో ఉన్న గిలాస మీద పడ్డాను.

"నల్లా నీళ్లయితే మాత్రం? నీ ఎంగిలి గిలాసతోని తాపుతవా? నీకున్నది దానికి గూడ అంటుకోవాల్నా?"

ఛీ! ఏం నోరు నాది! ఇది నీళ్లతో వచ్చేదే గానీ మనిషి నుంచి మనిషికి అంటేది కాదని పాలమూరులో మా వీధి ఆడవాళ్లందరికీ చెప్పిందాన్ని నేనే. అమ్మ గిలాస తీసుకుంది. కొంగుతో తుడిచి గూట్లో పెట్టుకుంది. నేను మాట వెనక్కి తీసుకోలేదు. బస్సుకు టైమవుతోందని హడావుడి చేశాను.

రెండేళ్లు గడిచాయి. మోకాళ్ల నొప్పి తట్టుకోలేక, పాలమూరు దవాఖానలో చూపించుకుందామని అమ్మ మా ఇంటికి వచ్చింది. మంచం మీద కూర్చుని సంచి విప్పింది. ఒక చీర, పాత మందుల చీటీ, రెండు నీళ్ల సీసాలు, ఆ గిలాస.

"నీళ్లెందుకు మోసుకొచ్చినవమ్మా?"

"నా నీళ్లు, నా గిలాస నేనే తెచ్చుకున్న. నీ ఇంట్ల గిన్నెలు ముట్టనులే, ఫికర్ జేయకు."

ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడిచినా బాగుండేది, నేనూ నాలుగు మాటలని గొడవపడేదాన్ని. పాపం, నా భయం తీర్చాలనే చెప్పింది.

నేనేదో అనేలోపే నా బిడ్డ వంటింట్లోంచి తన గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. దానికి ఎనిమిదేళ్లు నిండాయి, కొత్త పళ్లు తెల్లగా వచ్చాయి. "అవ్వా, తాగు" అని నవ్వుతూ అందించింది.

అమ్మ చేయి చాపలేదు. మెడ తిరగదు కదా, మంచం మీద మనిషంతా మెల్లగా నా వైపు తిరిగి నా మొహంలోకి చూసింది. తాగొచ్చా అని అడుగుతోంది. నన్ను కని పెంచిన మనిషి, గ్లాసెడు నీళ్లకు నా సెలవు అడుగుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తాగమ్మా" అన్నాను.

అప్పుడు తాగింది. పెదవి ఆనించి, చివరి గుటక దాకా. తాగాక గ్లాసు అంచును కొంగుతో మళ్లీ మళ్లీ తుడిచి నా చేతికిచ్చింది.

"మంచిగ తోము బిడ్డా" అంది.