హచ్చొళ్ళి మడిలో చిన్న ట్రాక్టరు

కోడి కూయకముందే హనుమాయమ్మకు మెలకువ వచ్చేస్తుంది. పాతికేళ్ళ అలవాటు. లేచి పెద్ద పొయ్యి వెలిగించి, రాత్రి నానేసిన ఉలవలు కుండలో పోసి ఉడకేసేది. ఆ వాసన కొట్టంలోకి చేరేసరికి ఎడ్లు రెండూ మెడలు ఆడించేవి. గంటల చప్పుడుకు మొగుడు పిచ్చయ్య లేచి వచ్చి కుండ దించుకుపోయేవాడు. వార్చిన నీళ్ళు ఇంట్లో చారుకు, ఉలవలు ఎడ్లకు.

ఇప్పుడు పిచ్చయ్య లేడు. మాఘంలో మూడు రోజుల జ్వరానికే పోయాడు. చైత్రంలో కాడికి కుడివైపు కట్టే వలపటి ఎద్దు కడుపుబ్బి చచ్చింది. మిగిలిన ఎద్దు మైలగాడిని మొన్ననే అమ్మేశారు. మెలకువ మాత్రం మానలేదు. లేచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెల్లవారేదాకా చీకట్లో కూర్చుంటుంది.

తుంగభద్ర కాలువ నీళ్ళు వస్తున్నాయని విని ఎనిమిదేళ్ళ కింద తెనాలి వైపు నుంచి వచ్చి, హచ్చొళ్ళిలో ఆరెకరాల నల్లరేగడి కొన్నారు. పిల్లలు లేరు. మొగుడు పోయాక మంచీచెడ్డా చూస్తున్నది పక్కింట్లో ఉండే మరిది సీతారామారావు. ఒంటెద్దుతో దమ్ము సాగదు. నీళ్ళు కట్టి, మడిని దున్ని బురద చేస్తేనే కదా నాట్లు. నాట్ల రోజుల్లో కిరాయికి ఎడ్లు దొరకవు. అందుకని అతను, తారానగర్‌లో పాత చిన్న ట్రాక్టరు ఒకటి అమ్మకానికి ఉందని తెలుసుకుని వచ్చాడు. పొలం నీది కాబట్టి నువ్వూ చూడాలి, రేపు మాట నా మీదికి వస్తుంది అని వదినను కూడా బయల్దేరదీశాడు.

మూడు బస్సులు మారి వెళ్ళారు. ట్రాక్టరు యజమాని రామసుబ్బా తరతరాలుగా అక్కడి రైతే. ఈ మధ్య గనుల రాయి తోలే లారీలు కొని, ట్రాక్టరును వదిలించుకోవాలని చూస్తున్నాడు. మొగుడు పోయి ఏడాది తిరగని మనిషి ఇంకొకరి గడప తొక్కకూడదని హనుమాయమ్మ బయట వేపచెట్టు కిందే నిలబడిపోయింది. రామసుబ్బా భార్య నాగలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చి అక్కడే ఇచ్చింది. ఏమీ అడగలేదు. అది కొంత నయం.

సీతారామారావు అంతకుముందు కొన్నవన్నీ ఎడ్లే. ట్రాక్టరునూ అలాగే చూశాడు. చుట్టూ తిరిగి, గిట్టలు చూసినట్టు చక్రాలు చూసి, ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు నడిపించమన్నాడు. సీటు కింద ఎర్రమట్టి పేరుకుని ఉంది.

"మెట్ట చేను దున్నినాది, రాళ్ళు లాగినాది. ఒక్క దినం మొండికేసింది ల్యాదప్పా," అన్నాడు రామసుబ్బా. అతను అబద్ధం చెప్పలేదు. మడిలో నడిచిందా అని ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ ప్రశ్న హనుమాయమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మడిలో దించి చూడందే ఎద్దును కొనకూడదని పిచ్చయ్య అనేవాడు. కానీ నోరు విప్పితే పదిమంది తల తిప్పి చూస్తారు, మళ్ళీ వాళ్ళకు జవాబు చెప్పాలి. అంత ఓపిక లేకపోయింది. మజ్జిగ చెంబు కింద పెట్టేసింది.

రామసుబ్బా డ్రైవరు ట్రాక్టరు తెచ్చి అప్పగించి, రెండు రోజులుండి సీతారామారావుకు తోలడం నేర్పి వెళ్ళాడు. ఈలోగా కాలువ అవతలి హొన్నూరప్ప మైలగాడిని కొనుక్కున్నాడు. అతనికీ ఒంటెద్దే మిగిలింది, జతకు సరిపోయింది. పశువును అమ్మినా పలుపు ఇవ్వకూడదంటారు కనుక కొత్త పలుపు అతనే తెచ్చుకున్నాడు. పాతది హనుమాయమ్మ చేతిలో మిగిలింది. దాన్ని కొట్టంలో కొయ్యకు తగిలించింది.

కాలువ నీళ్ళలో వాళ్ళ వంతు నాలుగే రోజులు. మొదటి రోజు మడి నిండటానికే పోయింది. నారు అప్పటికే ముదురుతోంది, ఇంకా ముదిరితే దుబ్బు కట్టదు. ఈ వంతులో దమ్ము కాకపోతే ఏడాది తిండిగింజలు లేనట్టే.

రెండో రోజు పొద్దున్నే, కొట్టంలో ఎడ్లు మేత తినే గాడి పగలగొట్టి నేల చదును చేసి ఉంచమనీ, సాయంత్రానికి ట్రాక్టరును అందులో పెడతాననీ వదినకు చెప్పి, సీతారామారావు దాన్ని మడిలోకి దించాడు. ఒక చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి రేగడిని తవ్వుకుంటూ కిందికి పోయాయి. అతను తొందరపెట్టినకొద్దీ అది కూరుకుపోయింది. చివరకు ఇరుసు దాకా దిగి ఆగిపోయింది.

నాట్లకొచ్చి గట్టు మీద కూర్చున్న దుర్గక్క తీరిగ్గా వక్క నములుతూ అంది: "ఏందప్పా రావుగారూ, నారు మేం నాటాలంటిరి. బండిని మీరే నాటేస్తిరే."

ఆడవాళ్ళు నవ్వారు. సీతారామారావు నవ్వలేదు. వదిన వైపు చూడలేదు కూడా. అడగాల్సిన ప్రశ్న తను మింగేసిందని హనుమాయమ్మకు తెలుసు. ఆమె కూడా అతని వైపు చూడలేకపోయింది.

కబురందుకుని హొన్నూరప్ప కాడి కట్టుకుని వచ్చాడు. ఎడమవైపు, దాపట మైలగాడు. చక్రాల కింద మొద్దులు వేశారు, మోకు కట్టారు. గట్టు దగ్గరికి రాగానే మైలగాడు ఆగి ముట్టె ఎత్తాడు. హనుమాయమ్మ దిగి వెళ్ళి వాడి వీపు మీద చెయ్యి వేసింది. మరు క్షణం వాడు మెడ వంచి బలం పట్టాడు. రెండు ఎడ్లు, ఎనిమిది మంది మనుషులు ఒక పూటంతా లాగితే బండి గట్టెక్కింది.

"దీనికి ఈడ పని ల్యాదు. మా మెట్టకైతే బంగారం," అన్నాడు హొన్నూరప్ప బురద కడుక్కుంటూ. కాలువ నీళ్ళందని తన రేగడి చేను గడ్డకట్టి ఉందనీ, నాగలి దిగడం లేదనీ చెప్పాడు.

ఆ సీమలో ఒకరి పనికి ఒకరు వెళ్ళి, పనికి పనే చెల్లు వేసుకుంటారు. ముయ్యి అంటారు దాన్ని. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ దానికి ఒప్పుకోలేదు. కూలి ఇస్తే ఎవరికీ తల వంచక్కర్లేదని పిచ్చయ్య వాదన.

హనుమాయమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

"హొన్నూరప్పా, ముయ్యికి పెట్టుకుందాం. నీ ఎడ్లు మా మడి దమ్ము చెయ్యనీ. మా బండి నీ చేను దున్నుతుంది."

అతను తలగుడ్డ సర్దుకున్నాడు. "మీవాళ్ళు ముయ్యికి రారు గదమ్మా."

"రాలేదు. అడగడం చేతకాక."

హొన్నూరప్ప సీతారామారావు వైపు చూశాడు. అతను బురద కాళ్ళతో నేల చూస్తూనే తల ఊపాడు. ఎడ్లు మిగిలిన రెండు రోజులూ కాలువకు ఈ గట్టునే, హనుమాయమ్మ కొట్టంలోనే ఉండేట్టు మాట అయింది. ఆ రోజు మిగిలిన పూటే కాడి మడిలోకి దిగింది.

ఇల్లు చేరేసరికి ఆమె నడుము విరిగిపోతోంది. కొట్టంలో గడ్డపార పొద్దున పెట్టిన మూలే ఉంది. మైలగాడు నాకి నాకి నున్నగా చేసిన గాడిలో ఎండుగడ్డి నాలుగు పోచలు మిగిలాయి. ట్రాక్టరు వాకిట్లో ఆగింది. మబ్బు పట్టిందనీ, కొట్టం సంగతేమిటనీ సీతారామారావు బయటి నుంచి అడిగాడు.

"బండి మీద పట్టా కప్పయ్యా," అంది హనుమాయమ్మ.

గడ్డపార ముట్టుకోలేదు. లోపలికి పోయి, రెండెడ్లకు సరిపడా ఉలవలు కొలిచి నానేసింది.