సైగ చేయని లారీలో కుప్పం దాకా

ముందు వెళ్లే బండి వెనక బండికి దారి సంగతి వైర్‌లెస్‌లో చెప్పగలిగితే ప్రమాదాలు తగ్గుతాయా? పీహెచ్‌డీ అయ్యాక రెండేళ్లుగా హైదరాబాదులో నేను చేస్తున్న పరిశోధన ఇదే. ‘ఎదురుగా ఖాళీ, దాటిపో’ అనే సందేశమే దానికి గుండెకాయ. లారీ డ్రైవర్లు ఇదే మాట కుడి ఇండికేటరుతోనో, చేతి సైగతోనో ఏనాటి నుంచో చెప్పుకుంటున్నారు. ఆ సైగలు రాసుకుందామని మదనపల్లె నుంచి కుప్పానికి లారీలో బయలుదేరాను.

మార్కెట్లో టమాటా లోడు ఎత్తేసరికి పదకొండయింది. డ్రైవరు మునెప్పకు యాభై దాటి ఉంటాయి. కృష్ణగిరికి సరుకు తీసుకెళ్తూ, నా పరిశోధన సంగతి విని, నన్ను కుప్పంలో దించడానికి ఒప్పుకున్నాడు. పుంగనూరుకు ముప్పావుగంట పట్టింది. ముసురు వదలడం లేదు. అక్కడ ఒక చిన్న హోటల్లో సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాం. వడ్డించినావిడ నాతో, “మునెప్ప బండిలోనా పోతాండావు? భయం లేదులేమ్మా, నిదానంగా తోల్తాడు. మాటే తక్కువ” అంది.

పలమనేరు దాటి రెండున్నరకు వి.కోట చేరాం. అప్పటిదాకా మునెప్ప వెనక వాళ్లెవరికీ ఒక్క సైగ కూడా చేయలేదు. నా నోటుబుక్కు ఖాళీగానే ఉంది. ఊరు దాటాక ఒక బైకతను వెనక నుంచి హారన్ కొట్టాడు. ఎదురుగా రోడ్డు ఖాళీ. అయినా మునెప్ప బండి ఎడమకు తీసి నెమ్మది చేశాడే తప్ప చెయ్యి బయటపెట్టలేదు. బైకతను దాటిపోతూ ఏదో తిట్టాడు.

“ఖాళీగానే ఉంది కదా, సైగ చేసుండొచ్చుగా?” అన్నాను.

“సెయ్యనమ్మా.”

రెండు మలుపుల తర్వాత లారీ పక్కకు ఆపాడు.

“నాలుగేండ్లయింది. ఈడే. పాలక్యాన్లు కట్టుకోని ఒకాయప్ప ఎనకాల వస్తాండాడు. ముందర ఖాళీ అనుకోని సెయ్యి ఊపినా. మలుపులో బస్సుండాది, నాకు అగపళ్ళేదు.”

నేను నోటుబుక్కు మూశాను.

“కేసు బస్సాయన మీద రాసినారు. నా పేరు యాడా రాలేదు. నేను సెయ్యి ఊపింది సూసినోడు ఆయప్ప ఒక్కడే. వాళ్లింటికి రెండుసార్లు పోయినా. వాకిలి దాకా పోయి వచ్చేసినా.” నా వైపు తిరిగి అడిగాడు. “మీ మిషను తప్పు సెప్పి మనిషి పోతే, ఎవురు సెప్పినట్టమ్మా?”

దీని మీద నేను చదివిన పేపర్లు చాలానే ఉన్నాయి. మునెప్ప మళ్లీ లారీ తీశాడు.

నాలుగున్నరకు కుప్పం రైల్వే స్టేషను దగ్గర దిగాను. ఇదంతా రాయొచ్చా అని అడిగాను. “రాయమ్మా. పేరు మాత్రం మార్చు” అన్నాడు. మార్చాను.

తిరిగొచ్చాక, ‘దాటిపో’ అనే సందేశాన్ని తీసేస్తానని మా గైడుకు రాశాను. “అది తీసేస్తే రెండేళ్ల పనిలో మిగిలేదేమిటి?” అని ఆయన జవాబు. నా పరిశోధన గడువు ఇంకో మూడు నెలలే. నేను చేస్తున్నది సరైనదో కాదో తెలియదు. ఆ సందేశం వల్ల బతికేవాళ్లే ఎక్కువ కావచ్చు. కానీ తప్పు సైగ చేసిన మనిషి పక్కన ఒక పూటంతా కూర్చుని వచ్చాక, ఆ మాట పంపే ప్రోగ్రాము రాయడానికి చేతులు రావడం లేదు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మదనపల్లె నుంచి కుప్పానికి నేరుగా బస్సు దొరక్కపోతే పలమనేరులో మారండి, పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరిపోతారు.