బస్టాపుకు పది నిమిషాల నడక

మా కండక్టర్ సార్ పోయిన సంగతి నాకు ఆటో స్టాండులో తెలిసింది. శామీర్‌పేట చెరువు దాటాక ఉన్న స్టాండు అది. పొద్దున చాయ్ తాగుతూ ఆటోవాళ్ళు మాట్లాడుకుంటుంటే చెవిన పడింది. "లోపలి కాలనీల ఉంటుండె గదా, కండక్టర్ సారు. తెల్లారుజామున గుండె ఆగిపోయిందట" అన్నాడొకడు. "అయ్యో, మంచి మనిషి" అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ నా వైపు చూశారు. మా దిక్కు ఎవరింట్లో చావు జరిగినా పటేలింటి వాళ్ళం ముందు వెళ్ళి నిలబడటం ఆనవాయితీ. నేను చాయ్ గ్లాసు కింద పెట్టి బండి తీశాను. తీసి ఆయన ఇంటికి కాదు, మా ఇంటికే వెళ్ళాను. మొహం చెల్లక గంటసేపు మంచం మీద కూర్చున్నాను.

ఆయన్ని మీలో కొందరు చూసే ఉంటారు. కరీంనగర్ రోడ్డు బస్సుల్లో ఏళ్ళ తరబడి టికెట్లు కొట్టిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఖాకీ చొక్కా మొదటి గుండీ దాకా పెట్టుకుని ఉండేవారు. ఎవరు ఎక్కడ దిగాలో ఆయనకు గుర్తుండేది. నిద్రపోయేవాళ్ళని భుజం తట్టి లేపేవారు కాదు, సీటు కమ్మీ మీద టికెట్లు కొట్టే పంచితో రెండుసార్లు టకటకమనిపించేవారు. చంటిపిల్లతో ఎవరైనా ఎక్కితే ఆ మనిషి కూర్చునేదాకా బస్సు కదలనిచ్చేవారు కాదు. "కూసున్నదా? అయితె రైట్" అనేవారు. డ్రైవర్లు విసుక్కునేవారు, ఈయన విననట్టే ఉండేవారు. డ్యూటీ దిగి వచ్చాక గడప ముందు ముక్కాలిపీట వేసుకుని, ఉప్పు వేసిన వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. దినమంతా నిలబడి బతికే వాళ్ళ కాళ్ళు ఎట్లా ఉంటాయో నేను మొదటిసారి చూసింది అక్కడే. పిక్కల మీద నరాలు ముళ్ళుపడి నీలంగా ఉబ్బి ఉండేవి.

ఆయన మాకు కిరాయిదారు. మొట్టమొదటి కిరాయిదారు. తొంభైల మొదట్లో మా బాపు రోడ్డు పక్క చెలకలో, అంటే మెట్ట చేనులో, ఎనిమిది ఇళ్ళు లైనుగా కట్టించాడు. మేడ్చల్ వైపు కంపెనీలు వస్తున్నాయి, పనివాళ్ళు కిరాయికి ఎగబడతారని ఎవరో ఆయన చెవిలో ఊదారు. ఒక్కడూ ఎగబడలేదు. బస్సులు మా ఇళ్ళ ముందు నుంచే పోయేవి కానీ ఆగేవి కావు. ఎక్కాలంటే ఇటు ఊరి స్టేజీ దాకా, లేకపోతే అటు చెరువు కట్ట దాకా నడవాలి. చూడటానికి వచ్చినవాళ్ళు గోడలు తట్టి చూసేవారు, బోరు నీళ్ళు తాగి చూసేవారు, చివరికి "బస్సేడ ఆగుతది?" అని అడిగి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయేవారు. ఏడాది పాటు ఆ ఇళ్ళల్లో మా మేకలు కాపురం చేశాయి.

ఈ సార్ వచ్చినప్పుడు బాపు ముందే చెప్పేశాడు, బస్సు ఇక్కడ ఆగదని. ఆయన రోడ్డుకు ఆ చివరా ఈ చివరా చూసి, "ఆగుతలేదు, నిజమే పటేలా. ఆగనే ఆగదని ఎవ్వలన్నరు?" అన్నారు. రోడ్డుకు దగ్గరగా ఉన్న మొదటి ఇల్లు తీసుకున్నారు. ఆయన ధైర్యం చూసి నెలలోపల ఇంకో రెండు కుటుంబాలు దిగాయి.

ఆ తర్వాత ఆయన మా అందరితో చేయించిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "బస్సు బోర్డును జూసి ఆగది, మందిని జూసి ఆగుతది" అని, పొద్దున ఎనిమిదింటికి అందరినీ రోడ్డు మీద నిలబెట్టారు. పని ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ. ఏనాడూ ఉద్యోగం మొహం చూడని మా అమ్మ కూడా ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడింది. "ఊకె నిలవడి ఎక్కకపోతె డ్రైవరుకు మండుతది. ఎక్కాలె, ముంగటి స్టేజికాడ దిగాలె" అని షరతు పెట్టారు. అట్లా నెల రోజులు మేం బస్సెక్కి, మరుసటి స్టేజీలో దిగి, నడుచుకుంటూ ఇంటికొచ్చాం. డ్రైవర్లకు అక్కడ బ్రేకు మీద కాలు వేయడం అలవాటైపోయింది.

పొద్దుటి బస్సులు తప్ప మిగతావి ఇంకా ఆగేవి కావు, అందుకని డిపోలో ఇవ్వడానికి అర్జీ కూడా ఆయనే రాశారు. ఊరి స్టేజీ నుంచి మా ఇళ్ళకు ఎంత నడకో అందులో రాయాలి. నేను చకచకా నడిచి చూసి, "పది నిమిషాలే గద సార్" అన్నాను. ఆయన రాయలేదు. కిరాయికి ఉన్న వాళ్ళల్లో నెలలు నిండిన ఒక ఆడమనిషి ఉంది. మరునాడు ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి స్టేజీలో దిగితే, ఆమె వెనకే తనూ దిగి, గడియారం చూసుకుంటూ ఇంటిదాకా నడిచారు. రెండుచోట్ల ఆగి, ఆయాసం తీర్చుకుని ఆమె ఇల్లు చేరేసరికి అరగంట పట్టింది. ఆయన అరగంట అనే రాశారు. నేను గొణిగితే, "నీ కాళ్లతోని కొలిస్తె పదే, చిన్న పటేలా. ఎవ్వలు నడుస్తరో ఆళ్ల కాళ్లతోని కొల్వాలె" అన్నారు. కొన్నాళ్ళకు మా ఇళ్ళ ముందు రేకు బోర్డు దిగింది, రిక్వెస్ట్ స్టాప్ అని.

ఆ నెల నుంచే మా దశ తిరిగింది. ఎనిమిది ఇళ్ళూ నిండాయి. వెనక ఇంకో వరుస కట్టాం. కిరాయిలు చూసే పని బాపు నాకు అప్పగించాడు. నాకప్పటికి మీసాలు కూడా సరిగా రాలేదు గానీ ఈ విద్య మాత్రం మస్తుగా వచ్చింది. బోర్డు ఎదురుగా ఉన్న ఇంటికి ఒక కిరాయి, సందు లోపలికి పోయిన కొద్దీ ఒక్కో మెట్టు తక్కువ. లోపల విశాలమైన ఇల్లు, వేపచెట్టు నీడ, తియ్యటి నీళ్ళు, ఏం చూపించినా జనం ముందరి ఇరుకు గదికే ఎక్కువ ఇచ్చేవారు. కుత్బుల్లాపూర్‌లో, మచ్చ బొల్లారంలో ఇళ్ళు కట్టుకున్న మా చుట్టాలు కూడా అదే చెప్పేవారు. గోడలకు కాదు, ఆదా అయ్యే నడకకు జనం డబ్బిస్తారని నాకు అర్థమైంది. ఖాళీ ఇంటికి బోర్డు కడితే ఇల్లు సంగతి చిన్నగా, బస్టాపు సంగతి పెద్దగా రాయించేవాణ్ణి.

సార్ కిరాయి మాత్రం బాపు పెంచనివ్వలేదు. "ఆ ఇంటి మీద చెయ్యి వెట్టకు. ఆయన లేకుంటె ఇయ్యాల్టికి గూడ మేకలే ఉంటుండె" అనేవాడు. బాపు పోయాక ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు.

తర్వాత శామీర్‌పేట దగ్గర లా యూనివర్సిటీ వచ్చింది. బయట ఉండి చదువుకునే పిల్లలు, అందులో పనిచేసేవాళ్ళు ఇళ్ళకోసం తిరగసాగారు. బస్సు దిగగానే ఎదురుగా కనిపించే ఇల్లు సార్‌ది. దానికి ఆయనిచ్చే కిరాయికి రెండింతలు ఇస్తామని నలుగురు పిల్లలు వచ్చారు. మా దగ్గర కిరాయికి ఉన్నవాళ్ళని ఖాళీ చేయమని నోటితో అనం, మర్యాద కాదు. చుట్టాలు వస్తున్నారని చెప్తాం. విన్నవాళ్ళకి అర్థమవుతుంది, అర్థం కానట్టు తలూపుతారు. ఇద్దరి పరువూ దక్కుతుంది. నేనూ అదే చెప్పాను. మా చిన్నమ్మ కొడుక్కి ఇక్కడ నౌకరీ వచ్చింది, ఇల్లు కావాలట అన్నాను. ఆయన తొట్టిలోంచి కాళ్ళు తీసి తుడుచుకుంటూ, "ఏం నౌకరీ?" అని అడిగారు. "బ్యాంకుల సార్" అన్నాను. "మంచిది" అన్నారు.

అంతటితో ఊరుకోవలసింది. ఉపకారం చేస్తున్నవాడిలా, లోపలి కాలనీలో మాకున్న ఇల్లు తక్కువ కిరాయికే ఇస్తానన్నాను. ఎంత దూరమని వాళ్ళింటామె లోపల్నుంచి అడిగింది. "చెలకల పొంటి అడ్డంబడి పోతే పది నిమిషాల నడకే అమ్మా" అన్నాను. ఆయన తలెత్తి నా వైపు చూశారు. "పదే గదా" అన్నారు. ఆ మాట నాలో ఎక్కడ దిగిందో అక్కడే ఉండిపోయింది, ఇన్నేళ్ళయినా కదల్లేదు.

పోయేముందు ఇల్లు సున్నం వేయించి మరీ తాళంచెవి ఇచ్చారు. నెల తర్వాత బస్టాపులో కనబడి, "మీ తమ్ముళ్లు నలుగురు మంచి పోరగాళ్లు. అడగకముందే టికెట్ తీస్కుంటున్నరు" అన్నారు. వెటకారం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది. నేను నవ్వినట్టు పళ్ళు చూపించి జల్దీ పనున్నట్టు బండెక్కాను.

దీనికంటే పెద్ద తప్పు తర్వాత చేశాను. భూముల ధరలు లేచినప్పుడు, బస్టాపుకూ లోపలి కాలనీకీ మధ్యనున్న ఆ చెలకను ప్లాట్లు చేసి అమ్మాను. కొన్నవాళ్ళు చుట్టూ గోడ కట్టారు. అడ్డదారి మూసుకుపోయింది. సార్ బస్టాపుకు రావాలంటే గోడ వెంట తిరిగి రావాలి. ప్లాట్లు గీయించిన రోజు ఆ దారి ఎవరికి అక్కరో నాకు గుర్తే రాలేదు. గోడ లేచాక గుర్తొచ్చింది. అప్పటికి ఆయన రిటైరయ్యారు, అయినా వాళ్ళింటామె షుగరు మందులకీ, ఆసుపత్రికీ, పింఛనుకీ బస్సెక్కవలసిందే. పని లేకపోయినా పొద్దున బస్టాపుకు వచ్చి, పాత డ్రైవర్లతో రెండు మాటలు మాట్లాడిపోయేవారని వినేవాణ్ణి. వినేవాణ్ణి అంటున్నాను, ఎందుకంటే ఆయన ఎదురవుతారని నేను పొద్దున పూట ఆ వైపు వెళ్ళడమే మానుకున్నాను. కిరాయి కూడా మా మనిషి వెళ్ళి తెచ్చేవాడు.

ఒక్కసారి ధైర్యం చేశాను. ముందరి ఇల్లు ఖాళీ అయినప్పుడు ఆయన్ని బస్టాపులో పట్టుకుని, "సార్, మల్ల మీ ఇంట్లకు రాండ్రి" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఇప్పుడు ఆడి కిరాయి నా పింఛనుకు అందది. నువ్వు తక్కువ తీస్కుంటె దినాము నన్ను జూసినప్పుడల్ల నీ పానం గుంజుతది. ఉండనీ బిడ్డా" అన్నారు. పాత కిరాయికే రండి, తప్పు నాదే అని అప్పుడనవలసింది. నోటిదాకా వచ్చింది. ఆగిపోయింది. నిజం చెప్తున్నాను, ఆయన వద్దన్నందుకు నాకు ఆ పూట నిమ్మళమైంది. మూడో రోజుకి ఆ ఇంట్లో వేరేవాళ్ళు దిగారు.

ఆయన పోయిన రోజు, మంచం మీంచి లేచి, బండి బస్టాపు దగ్గర పెట్టి నడుచుకుంటూ వెళ్ళాను. ఆ గోడ వెంట నేను నడవడం అదే మొదలు. దారి పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళ గేట్ల ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకచోట కుర్చీకి బదులు దుప్పటి మడిచి పరిచిన బండరాయి. చావింటికి వచ్చేవాళ్ళ కోసమేమో అనుకున్నాను. ఇల్లు ఇంకా ఎంతో దూరం, ఇక్కడెందుకు వేశారో తెలియలేదు.

ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. నేను దండం పెట్టుకుని వాళ్ళింటామె పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచక కుర్చీల సంగతి అడిగాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"అవి ఆయనయే బిడ్డా. గోడ గట్టినంక తోవ దూరమాయె, కాళ్లు గుంజుడు వట్టినయి. జెర దూరం నడుసుడు, జెర సేపు కూసునుడు. సూసి సూసి ఆ ఇండ్లోళ్లే పొద్దుగాల కుర్చీలు ఏసుడు మొదలువెట్టిండ్రు. ఇయ్యాల గూడ ఏసిండ్రా?"

"ఏసిండ్రమ్మా" అన్నాను.

"పాపం, ఆళ్లకు ఎవ్వలు చెప్పలేదు గావచ్చు. ఎదురు సూస్తుంటరు. నువ్వు పోయి చెప్పు బిడ్డా, తీసుకపొమ్మని."

లేచాను. ఒక్కో గేటు దగ్గర ఆగి చెప్పుకుంటూ వచ్చాను. ఒకతను అయ్యో అని చొక్కా వేసుకుని వెంటనే అటు బయల్దేరాడు. ఒక ముసలాయన బండ మీది దుప్పటి తీసి దులిపి, మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఇంకో గేటు దగ్గర ఒకామె లోపలికి తిరిగి ఇంట్లోవాళ్ళని కేకేసింది. ఐదోది, బస్టాపుకు అన్నిటికంటే దగ్గరున్న ఇల్లు. ఆ ఇంటామె నన్ను ఎరగదు, ఈమధ్యే ప్లాటు కొని కట్టుకున్నవాళ్ళు. కుర్చీ పక్కనే నీళ్ళ చెంబు పెట్టి ఉంది. చెప్పాను. వంగి ఆ చెంబు చేతిలోకి తీసుకుంది.

"బస్సు కోసరమే అంత దూరంకెల్లి వొస్తడు గదా, గంత దూరం ఇల్లెందుకు తీస్కున్నవు సారూ అని ఎన్నిసార్లడిగిన్నో. నగి ఊకుండెటోడు" అంది. తర్వాత నా మొహంలోకి చూసి, "మీకేమన్న ఎర్కనా అన్నా?" అని అడిగింది.

ఆయనకు చెప్పలేకపోయిన మాట ఆమెకు చెప్పాను. "ఆయన తీస్కోలేదమ్మా. గా బస్టాపు తెచ్చింది ఆయన. ఆడ్నే ఉంటుండె. కిరాయికి ఆశపడి నేనే లోపటికి పంపిచ్చిన."

ఆమె చెంబులో నీళ్ళు గేటు పక్క మొక్కకు పోసింది. కుర్చీ ఎత్తుకుని లోపలికి వెళ్ళి గేటు వేసుకుంది. రోజూ ఒకేచోట వేయడం వల్ల, దాని కాళ్ళు దిగబడిన నాలుగు గుంటలు మట్టిలో అట్లాగే ఉన్నాయి.